ఇంటి కంప్యూటరుకు చవకలో గ్రాఫిక్స్ కార్డు: కొనేముందు కొలతలు, కొన్నాక బిగింపు

"తక్కువలో మంచి గ్రాఫిక్స్ కార్డు ఏదండి?" భీమవరం నుంచి, అమలాపురం నుంచి, కాకినాడ నుంచి తరచూ వచ్చే ప్రశ్న ఇది. తెర మీద బొమ్మను తయారుచేసి పంపే విడి పలకే గ్రాఫిక్స్ కార్డు. పేరు చెప్పడానికి అర నిమిషం చాలు. కానీ కేబినెట్‌లో చోటెంత ఉందో, ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటరుకు కరెంటు పంచే డబ్బా) ఎంత మోయగలదో, మానిటరు వెనక ఏ పోర్టు ఉందో తెలియకుండా పేరు చెబితే డబ్బు వృథా అవుతుంది. అందుకే ముందు మీ పెట్టె సంగతి చూద్దాం, తర్వాత షాపుకు వెళ్దాం.

1. అసలు కార్డు కావాలా?

ఈ పనులకు అక్కర్లేదు:

- ఎక్సెల్‌లో చెరువుల మేత లెక్కలు, టాలీ, ఆన్‌లైన్ దరఖాస్తులు
- పేజ్‌మేకర్‌లో అనూ ఫాంట్లతో శుభలేఖలు, కరపత్రాలు
- పిల్లల క్లాసులు, కోడింగ్
- 7వ తరం ఇంటెల్ లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ మీద యూట్యూబ్, సినిమాలు

వీటికి కావాలి:

- ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేనప్పుడు. ఇంటెల్‌లో పేరు చివర 'ఎఫ్' ఉంటే (ఐ3-12100ఎఫ్, ఐ5-12400ఎఫ్) కార్డు లేనిదే బొమ్మ రాదు. ఏఎండీ రైజెన్ 5 3600, 5600 కూడా అంతే.
- పిడుగులకో, ఓల్టేజీకో మదర్‌బోర్డు మీద డిస్‌ప్లే పోర్టు పోయినప్పుడు
- ఆటలు, వీడియో ఎడిటింగ్, లేదా బోర్డు మీదున్న పోర్టుల కంటే ఎక్కువ మానిటర్లు

ఈ రెండింటికీ మధ్యలో ఉన్నవాళ్ళే ఎక్కువగా పొరపాటు పడతారు. "కంప్యూటరు నత్తనడక నడుస్తోంది, కార్డు వేస్తే పరుగెడుతుందా?" అని అడుగుతారు. చాలాసార్లు కారణం కార్డు కాదు.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కండి. 'స్లాట్స్ యూజ్డ్: 1 ఆఫ్ 2' అని కనిపిస్తే ఒకే ర్యామ్ ఉందన్నమాట. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. ఒక్క ర్యామ్ ఉంటే దారి ఒకటే, రెండు ఉంటే దారులు రెండు. లోపలే గ్రాఫిక్స్ ఉన్న రైజెన్ 5 5600జీ లాంటి ప్రాసెసర్లలో అదే సైజు, అదే స్పీడున్న రెండో ర్యామ్ వేస్తే ఆటల్లో తేడా కంటికి కనిపిస్తుంది. హార్డ్‌డిస్క్ మీద విండోస్ నడుస్తుంటే ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్ళెం లేని, వేగమైన డిస్క్) వేయించండి. ఈ రెండూ చేశాకే కార్డు గురించి ఆలోచించండి.

పెళ్ళి ఆల్బమ్‌లు చేసేవాళ్ళు ఈ లెక్క చూడండి. 12×36 అంగుళాల షీటు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) తెరిస్తే 3,600×10,800 పిక్సెళ్ళు, అంటే 3.9 కోట్ల దాకా. పిక్సెల్‌కు 3 బైట్ల చొప్పున ఒక్క నిండు లేయరే 110 ఎంబీ దాటుతుంది. పది లేయర్లు, పక్కన తెరిచిన ఫొటోలు, పైన బ్రౌజరు ఉంటే 8 జీబీ ర్యామ్ నిండిపోతుంది. అప్పుడు ఫొటోషాప్ డిస్క్ మీద రాసుకుంటూ నత్తలా నడుస్తుంది. ఆ స్థితిలో కార్డు ఏమీ చేయలేదు. ముందు 16 జీబీ ర్యామ్, ఆ తర్వాత 4 జీబీ కార్డు.

4వ తరం ఐ3, ఐ5 వాళ్ళకు యూట్యూబ్ తడబడటానికి వేరే కారణం ఉంది. యూట్యూబ్ ఎక్కువగా వీపీ9, ఏవీ1 పద్ధతుల్లో వీడియో పంపుతుంది. వాటిని విప్పే ప్రత్యేక యంత్రాంగం ఆ ప్రాసెసర్లలో లేదు, భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది. బ్రౌజరులో పాత పద్ధతైన హెచ్.264 వీడియోనే అడిగే ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే ఫుల్ హెచ్‌డీ దాకా ఉచితంగా సర్దుకుంటుంది. 4కే కావాలంటే మాత్రం కార్డు తప్పదు.

2. పెట్టె విప్పి కొలవండి

కరెంటు తీసేసి, ఎడమ పక్క తలుపు విప్పి, టేపుతో ఇవి కొలిచి కాగితం మీద రాసుకోండి.

- పొడవు: వెనక పలక నుంచి ముందున్న హార్డ్‌డిస్క్ గూడు దాకా. చిన్న కార్డులు 15 నుంచి 20 సెంటీమీటర్లు ఉంటాయి. మీ చోటు కార్డు పొడవు కంటే కనీసం 2 సెంటీమీటర్లు ఎక్కువ ఉండాలి.
- ఎత్తు: మామూలు కార్డు వెనక పట్టీ దాదాపు 12 సెంటీమీటర్లు. ఆఫీసుల్లో వాడి అమ్మేసిన సన్నపాటి బ్రాండెడ్ పెట్టెల్లో 8 సెంటీమీటర్ల పట్టీయే పడుతుంది. దాన్నే లో ప్రొఫైల్ అంటారు. పొట్టి పట్టీ కార్డు డబ్బాలోనే ఉందో లేదో షాపులోనే చూసుకోవాలి, తర్వాత విడిగా దొరకడం కష్టం.
- మందం: కార్డు దిగే పొడవాటి స్లాటు పక్కన ఇంకో స్లాటంత ఖాళీ ఉందా? ఎక్కువ కార్డులు రెండు స్లాట్ల చోటు తింటాయి.
- మదర్‌బోర్డు మోడల్: బోర్డు మీదే పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఫొటో తీసుకోండి. ఆ స్లాటు పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0నా, 4.0నా (అంకె పెరిగితే దారి వేగం పెరుగుతుంది) అన్నది దీన్నిబట్టే తెలుస్తుంది.

సన్న పెట్టెల్లో ఇంకో చిక్కుంది. కొన్నింటిలో స్లాటుకు మామూలుగా ఇచ్చే 75 వాట్లు ఇవ్వరు, అంతకంటే తక్కువకే పరిమితం చేస్తారు. ఆ మోడల్ సర్వీసు మాన్యువల్లో ఈ అంకె ఉంటుంది. అది చూడకుండా 75 వాట్ల కార్డు పెట్టకండి.

3. ఎస్‌ఎంపీఎస్ లేబుల్ చదవడం

అన్నిటికంటే ఎక్కువ తేడా వచ్చేది ఇక్కడే. డబ్బా మీద '450' అని ఉన్నంత మాత్రాన 450 వాట్లు ఇస్తుందని నమ్మకండి. లేబుల్ మీద చిన్న పట్టిక ఉంటుంది. అందులో +12 వోల్టుల గడి కింద ఆంపియర్ల అంకె చూడండి. కార్డు, ప్రాసెసర్ రెండూ ఆ గడి నుంచే తాగుతాయి.

ఒక చవక ఎస్‌ఎంపీఎస్ మీద +12 వోల్టుల కింద 14 ఆంపియర్లు ఉందనుకుందాం. 12ను 14తో గుణిస్తే 168 వాట్లు. అసలు శక్తి అంతే. ఇప్పుడు ఖర్చు వైపు చూడండి: ప్రాసెసర్ 65, కార్డు 75, బోర్డు, ఫ్యాన్లు, డిస్కులు కలిపి 50. మొత్తం 190. డెస్క్‌టాప్ మీద ఖాళీగా ఉన్నంతసేపు బాగానే ఉంటుంది. ఆట మొదలుపెట్టిన పది నిమిషాలకు టప్పున ఆగిపోతుంది. అందరూ కార్డును తిడతారు, తప్పు ఎస్‌ఎంపీఎస్‌ది.

- 20, 30 వాట్ల కార్డులకు: పాత ఎస్‌ఎంపీఎస్ ఆరోగ్యంగా ఉంటే చాలు.
- 70, 75 వాట్ల కార్డులకు: +12 గడిలో 25 ఆంపియర్లు, పేరున్న కంపెనీ 450 వాట్లది, 80 ప్లస్ ముద్ర (కరెంటు వృథా తక్కువని చెప్పే గుర్తు) ఉన్నది.
- కార్డుకు విడిగా 6 పిన్నుల తీగ కావలసి వచ్చి, మీ ఎస్‌ఎంపీఎస్‌లో అది లేకపోతే ఆ కార్డు మీది కాదు. డిస్కులకు కరెంటిచ్చే సాటా తీగను 6 పిన్నులుగా మార్చే అడాప్టరు అస్సలు వద్దు. సాటా కొస 12 వోల్టుల మీద 54 వాట్లకే చేసినది, 6 పిన్నుల వైపు 75 దాకా లాగుతుంది. ప్లాస్టిక్ కరిగి కాలుతుంది.

డెల్టాలో ఓల్టేజీ సంగతి మరవకూడదు. చెరువుల మీద ఏరేటర్లు తిరిగే వేళ, వేసవి సాయంత్రాలు ఓల్టేజీ పడిపోయే ఊళ్ళలో యూపీఎస్ పెట్టుకోవలసిందే. బజార్లో దొరికే 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్లది. 75 వాట్ల కార్డున్న ఇంటి కంప్యూటరుకు, మానిటరుకు అది సరిపోతుంది. ఇంట్లో స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు ఉంటే దాని మీద మంచి ఎస్‌ఎంపీఎస్‌లు కొన్ని నడవవు, కరెంటు మారగానే రీస్టార్ట్ అవుతాయి. సైన్ వేవ్ ఇన్వర్టరుకు ఆ బాధ లేదు.

4. మానిటరు వెనక చూడండి

నీలం రంగు, మూడు వరసల్లో 15 పిన్నులు ఉంటే వీజీఏ. పాత 18, 19 అంగుళాల మానిటర్లలో చాలావాటికి అదొక్కటే ఉంటుంది. కొత్త కార్డుల్లో వీజీఏ లేదు. కాబట్టి హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చే, లోపల చిప్పున్న కన్వర్టరు కావాలి. కార్డుకు డీవీఐ అనే ఇంకో పాత పోర్టు ఉందని సరిపెట్టుకోకండి. జీటీ 1030 మీద ఉండే డీవీఐ-డీలో వీజీఏ సిగ్నల్ ఉండదు, పిన్నులు మార్చే చవక ముక్క పెట్టినా బొమ్మ రాదు.

4కే టీవీకి కలపాలంటే హెచ్‌డీఎంఐ 2.0 ఉండాలి. 1.4 అయితే 4కేలో సెకనుకు 30 బొమ్మలే, మౌస్ కదలిక కూడా లాగినట్టుంటుంది.

5. ఏ కార్డు?

ధరలు నెలనెలా మారతాయి, అందుకే రూపాయలు రాయడం లేదు. పని ఏదో చూసి ఎంచుకోండి.

ఒక మాట ముందే. 'రెండు జీబీ', 'నాలుగు జీబీ' అన్న అంకె చూసి కొనకండి. జీబీ అంటే గాదె ఎంత పెద్దదో చెబుతుంది. గాదెలోంచి ధాన్యం ఎంత వేగంగా బయటికి వస్తుందో మెమరీ రకం చెబుతుంది. షాపులో మాట ఇలా నడవాలి:

"ఇది టూ జీబీ అండి, మంచి కార్డు."
"మెమరీ ఏ రకమండి? డీడీఆర్4ఆ, జీడీడీఆర్5ఆ?"
"రెండూ ఒకటేనండి."
"డబ్బా ఇటివ్వండి, నేనే చూస్తాను."

రెండూ ఒకటి కాదు. జీటీ 1030 రెండు రకాలుగా వచ్చింది. పేరొకటే, డబ్బా కూడా దాదాపు ఒకటే. జీడీడీఆర్5 రకం మెమరీ వేగం సెకనుకు 48 జీబీ, డీడీఆర్4 రకానిది 16.8 జీబీ. మూడో వంతు. ఒక ముద్రలో ఒక అక్షరం, ఒక అంకె తేడాకు అంత నష్టం.

జీటీ 710, జీటీ 730. బోర్డు డిస్‌ప్లే పోయి, వీజీఏ మానిటరే ఉండి, ఎక్సెల్, బ్రౌజరు చాలనుకునేవాళ్ళకు మాత్రమే. 710 వాడేది 19 వాట్లే. వీపీ9 వీడియోను ఇవి విప్పవు కాబట్టి "యూట్యూబ్ బాగుపడుతుంది" అని కొనకండి. 2021 తర్వాతి ఎన్‌విడియా కొత్త డ్రైవర్లలో 710కి చోటు లేదు. 730 పేరు మీద వేర్వేరు చిప్‌లు అమ్మారు, 96 కోర్లది (కోర్లంటే లెక్కలు చేసే చిన్న యూనిట్లు) వదిలేసి 384 కోర్లది చూడాలి.

జీటీ 1030, జీడీడీఆర్5. 30 వాట్లు, విడి తీగ అక్కర్లేదు, లో ప్రొఫైల్‌లో దొరుకుతుంది. 4కే వీపీ9, హెచ్‌ఈవీసీ వీడియో సాఫీగా నడుపుతుంది, ఏవీ1 నడపదు. స్క్రీన్ రికార్డింగుకు, వీడియో ఎక్స్‌పోర్టుకు ఉపయోగపడే ఎన్‌కోడర్ ఇందులో లేదు. ఈ తరానికి ఆటల డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆగాయి, భద్రతా అప్‌డేట్లు 2028 అక్టోబరు దాకా ఇస్తామని ఎన్‌విడియా ప్రకటించింది. చవకగా దొరికితేనే తీసుకోండి.

జీటీఎక్స్ 1650. 896 కోర్లు, 4 జీబీ, 75 వాట్లు. మామూలు ఇంటికి ఆటలు, ఫొటోషాప్, కొద్దిపాటి వీడియో ఎడిటింగ్ అన్నిటికీ సరిపోయేది ఇదే. పాత పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0 బోర్డులో పూర్తి బలంతో నడుస్తుంది. ఒకే షరతు: కొన్ని కంపెనీలు దీనికి 6 పిన్నుల తీగ పెట్టాయి, కొన్ని పెట్టలేదు. మీ ఎస్‌ఎంపీఎస్‌ను బట్టి ఎంచుకోండి. ఎక్కువగా సెకండ్‌హ్యాండ్‌లోనే దొరుకుతుంది, కాబట్టి 6వ భాగం జాగ్రత్తగా చదవండి.

ఆర్‌టీఎక్స్ 3050, 6 జీబీ. కొత్తది, వారంటీతో కావాలంటే ఇది. 70 వాట్లు, విడి తీగ లేకుండా నడిచేవి దొరుకుతాయి, ఏవీ1 వీడియో కూడా చూపిస్తుంది. అదే పేరుతో ఉన్న 8 జీబీ కార్డు వేరు. దానికి 130 వాట్ల దాకా, విడి తీగ కావాలి. బిల్లు మీద '6 జీబీ' రాయించుకోండి.

ఆర్‌ఎక్స్ 6400. 53 వాట్లు, ఒకే స్లాటు, సన్న పెట్టెలో పట్టేది. కానీ ఇది నాలుగే లేన్ల (బోర్డుతో మాట్లాడే దారుల) మీద నడుస్తుంది. పీసీఐ ఎక్స్‌ప్రెస్ 4.0 బోర్డులో పర్వాలేదు, 3.0 బోర్డులో దారి సగమైపోయి ఆటల్లో తడబడుతుంది. పదో తరం, అంతకుముందు ఇంటెల్ వాళ్ళు వదిలేయండి. ఎన్‌కోడర్ దీనికీ లేదు.

ఇంటెల్ ఆర్క్ ఏ310. వీడియో పనికి మంచిది, ఏవీ1లో ఎక్స్‌పోర్ట్ కూడా చేస్తుంది. బయాస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగుల్లో) రీసైజబుల్ బార్, అంటే కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి అందుకునే సదుపాయం, ఆన్ చేయగలిగిన బోర్డు ఉంటేనే. పాత బోర్డులో ఇది బాగా నీరసిస్తుంది.

6. షాపులో, సెకండ్‌హ్యాండ్ బేరంలో

కాకినాడ, రాజమండ్రి షాపుల్లో కొన్నా, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి తెప్పించుకున్నా జీఎస్టీ బిల్లు మీద కార్డు సీరియల్ నంబరు ఉండాలి. వారంటీ అడిగేటప్పుడు "ఎన్నేళ్ళు?" ఒక్కటే కాదు, "కార్డు పోతే ఎవరు పంపిస్తారు, ఎక్కడికి?" అని కూడా అడగండి.

సెకండ్‌హ్యాండ్ అయితే నడిపి చూడకుండా డబ్బు ఇవ్వకండి. వరస ఇది:

1. గోల్డ్ ఫింగర్స్, అంటే స్లాటులో దిగే పసుపు రేకులు చూడండి. యానాం, నరసాపురం, అంతర్వేది వైపు సముద్రపు గాలి తగిలిన కార్డుల మీద ఆకుపచ్చటి తుప్పు పడుతుంది. రేకుల మీద పల్చటి మచ్చ పర్వాలేదు, చిప్‌ల కాళ్ళ దగ్గర ఆ తుప్పు పేరుకుంటే వద్దు.
2. ఫ్యాన్‌ను వేలితో తిప్పండి. గరగరలాడకూడదు, ఊగకూడదు.
3. బిగించి, కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ ప్రోగ్రాము తెరవండి. షేడర్ల (అంటే పైన చెప్పిన కోర్ల) సంఖ్య చూడండి: జీటీ 1030కి 384, జీటీఎక్స్ 1050 టీఐకి 768, జీటీఎక్స్ 1650కి 896. పేరు ఒకటి, అంకె ఇంకొకటి అయితే నకిలీ. నకిలీని గుర్తిస్తే కొత్త వెర్షన్లు పేరు ముందే 'ఫేక్' అని చూపిస్తాయి.
4. కార్డుకు పూర్తి భారం పెట్టి పరీక్షించే ఫర్‌మార్క్ ప్రోగ్రాము 15 నిమిషాలు నడపండి. వేడి 85 డిగ్రీల లోపు నిలవాలి. రంగు చుక్కలు, గీతలు, తెర నల్లబడటం ఏదొచ్చినా లేచి వచ్చేయండి.

నకిలీ 1050 టీఐ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఇది ఎక్కువ చోట్ల తిరుగుతోంది. జీటీఎస్ 450 లాంటి 2010 నాటి పాత కార్డు లోపలి బయాస్ (కార్డు తన పేరు చెప్పుకునే ప్రోగ్రాము) మార్చి, '1050 టీఐ 4 జీబీ' అని అమ్ముతారు. అసలు 1050 టీఐ చిప్‌లో వీజీఏ సిగ్నల్ లేదు. ఆ పేరున్న కార్డుకు నీలం వీజీఏ పోర్టు కనిపిస్తే ఇక పరీక్ష కూడా అక్కర్లేదు, వెనక్కి ఇచ్చేయండి.

7. బిగించే వరస

1. ముందే డ్రైవరు డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. పాత కార్డు వేరే కంపెనీదైతే సేఫ్ మోడ్‌లో డీడీయూతో (పాత డ్రైవర్లను పూర్తిగా తుడిచే ప్రోగ్రాము) దాని డ్రైవరు తీసేయండి.
2. షట్‌డౌన్ చేసి, ప్లగ్గు పీకి, పవర్ బటన్‌ను 10 సెకన్లు నొక్కి పట్టండి. లోపల మిగిలిన కరెంటు పోతుంది.
3. కేబినెట్ ఇనుప భాగం తాకి పని మొదలుపెట్టండి. కార్డును అంచులతోనే పట్టుకోండి.
4. స్లాటులో దుమ్ము బ్రష్‌తో తీయండి. రేకులు మసకబారితే మెత్తటి పెన్సిల్ రబ్బరుతో ఒకే దిక్కుకు రుద్ది, పొట్టు దులపండి.
5. వెనక పలక తీసి, స్లాటు చివర క్లిప్పు తెరిచి, కార్డు నిలువుగా నొక్కండి. 'టక్' మని క్లిప్పు పడాలి. రేకుల వరస బయటికి కనిపిస్తే కార్డు పూర్తిగా దిగలేదు.
6. స్క్రూ బిగించండి. బిగించేటప్పుడు కార్డు రెండో చివర పైకి లేవకుండా చూడండి. బొమ్మ రాకపోవడానికి ఇదో ముఖ్య కారణం.
7. మానిటరు తీగ బోర్డుకు కాదు, కార్డుకు పెట్టండి.
8. ఆన్ చేసి, డ్రైవరు వేసి, రీస్టార్ట్ చేయండి. ఒక 4కే వీడియో పెట్టి టాస్క్ మేనేజర్‌లో 'వీడియో డీకోడ్' గీత లేస్తోందో లేదో చూడండి. లేస్తే కార్డు పని చేస్తోంది.

8. తేడా వస్తే

ఫ్యాన్ తిరుగుతోంది, బొమ్మ లేదు. తీగ కార్డుకే ఉందా? కార్డు తీసి మళ్ళీ గట్టిగా నొక్కండి. అప్పటికీ రాకపోతే బోర్డుకు తీగ పెట్టి బయాస్‌లోకి వెళ్ళి, ప్రైమరీ డిస్‌ప్లేను 'పీఈజీ' లేదా 'పీసీఐఈ'కి మార్చండి.

అక్షరాలు పెద్దవిగా, మసకగా ఉన్నాయి. డివైస్ మేనేజర్‌లో 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్' అని ఉంటే డ్రైవరు పడలేదు. టీవీ అయితే పిక్చర్ మోడ్‌ను 'పీసీ'కి మార్చండి.

శబ్దం పోయింది. డ్రైవరు వేసినప్పుడు శబ్దం హెచ్‌డీఎంఐకి మళ్ళుతుంది. కింద కుడి మూల స్పీకరు గుర్తు నొక్కి మీ స్పీకర్లను ఎంచుకోండి.

ఆటలో ఆగిపోతోంది. 3వ భాగం లెక్క మళ్ళీ వేయండి. లెక్క సరిపోతే వేడి చూడండి. రాజమండ్రి మే నెల ఎండలో గదే 40 డిగ్రీలకు చేరుతుంది. గోడకు ఆనించిన కేబినెట్‌ను జానెడు ముందుకు జరిపి, వెనక ఒక 12 సెంటీమీటర్ల ఫ్యాన్ వేయించండి.

ఎక్కువ దుమ్ము చేరుతోంది. రైస్‌మిల్లు పక్కన, కొబ్బరి పీచు యూనిట్ల దగ్గర ఉండేవాళ్ళు ఫ్యాన్ లేని కార్డు తీసుకోవచ్చు. బిగుసుకుపోయే ఫ్యానే ఉండదు. కానీ కేబినెట్‌లో గాలి ఆడాలి, లేకపోతే కార్డు మీద వేడి తీసే లోహపు రేకుల మధ్య పట్టిన ఊక పొర వేడిని పట్టి ఉంచుతుంది. మూడు నెలలకోసారి బ్లోయరుతో ఊదండి. ఊదేటప్పుడు కార్డు ఫ్యాన్‌ను వేలితో ఆపి పట్టుకోండి, గాలికి విపరీతంగా తిరిగితే బేరింగ్ పోతుంది.

వర్షాకాలంలో వారాల తరబడి వాడకపోతే తేమ చేరుతుంది. వారానికి రెండుసార్లు అరగంట ఆన్ చేసి ఉంచండి. తుపాను హెచ్చరిక వచ్చినా, ఉరుములు మొదలైనా పవర్ ప్లగ్గుతో పాటు నెట్ తీగ, టీవీకి కలిపిన హెచ్‌డీఎంఐ తీగ కూడా పీకేయండి. పిడుగు దెబ్బ ఆ తీగల్లోంచి కూడా లోపలికి వస్తుంది.